పెరట్లో ఇగ్వానా: ముందు గుంత, తరువాత మొక్క, ఆఖరున జంతువు

దక్షిణ ఫ్లోరిడాలో కాలువ ఒడ్డున ఇల్లు తీసుకున్న తెలుగువారు పెరట్లో మొదట వేసేవి దాదాపు అవే మొక్కలు: పూజకు మందారం, పప్పులోకి గోంగూర, పందిరి మీదకు సొర పాదు, మూలన ఒక మునగ. వాటిని చూసి మనకంటే ముందు సంబరపడేది ఇగ్వానా అనే పెద్ద బల్లిజాతి జీవి. మేము బ్రోవార్డ్ కౌంటీకి వచ్చిన మొదటి ఏడాది, వినాయక చవితి ముందు సాయంత్రం మా మందార చెట్టున ఇరవై ఒక్క మొగ్గలు లెక్కపెట్టి ఉంచుకున్నాను. మర్నాడు తొమ్మిదిన్నరకు పూలబుట్టతో వెళ్లేసరికి తొడిమలు మాత్రమే మిగిలాయి. కాలువ గోడ మీద మూడున్నర అడుగుల పచ్చని జీవి ఒకటి, మూతికి ఎర్ర రేక అంటుకుని ఉండగా, ఎండ కాచుకుంటోంది.

అందరూ చేసే పనే నేనూ చేశాను. కర్ర పట్టుకుని దాని వెంట పడ్డాను. అది కాలువలోకి దూకి, నీటి అడుగునే ఈదుకుంటూ పోయి, మరుసటి రోజు అదే వేళకు తిరిగి వచ్చింది. ఇలా రెండేళ్లు గడిచాక నాకు అర్థమైంది ఏమిటంటే, మనం పనిని తలకిందులుగా మొదలుపెడుతున్నాము. జంతువును తరమడం ఆఖరున చేయవలసిన పని. మొదట చూడవలసింది నేలలో గుంతలను, ఆ తరువాత మొక్కలను. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

అది ఉడుము కాదని రూఢి చేసుకోండి

చలికాలం గడపడానికి ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు దాన్ని చూడగానే, "ఇదేమిటమ్మా, ఇక్కడ ఉడుములు ఇంత దర్జాగా తిరుగుతాయా!" అన్నారు. ఆకారం చూస్తే ఆ పొరపాటు సహజమే, కానీ ఈ రెండింటి నడవడి వేరు. ఉడుము మాంసాహారి, దాని నాలుక పాము నాలుకలా పొడవుగా రెండుగా చీలి ఉంటుంది. ఇగ్వానా ప్రధానంగా ఆకులు, పూలు, పండ్లు తినే జీవి, దాని నాలుక మందంగా, పొట్టిగా ఉంటుంది. పెద్ద ఇగ్వానా గొంతు కింద ఆవు గంగడోలు లాంటి తోలుసంచి వేలాడుతుంది, మెడ నుంచి వీపు పొడవునా దువ్వెన పళ్లలాంటి ముళ్లు ఉంటాయి, తోకకు నల్లని పట్టీలు ఉంటాయి. అన్నిటికంటే తేలికైన గుర్తు, దవడ చివర చెవి కింద రూపాయి బిళ్లలా మెరిసే ఒక గుండ్రని పెద్ద పొలుసు. పేరులో పచ్చదనం ఉన్నా ముదిరిన మగవి గోధుమ, బూడిద రంగుల్లోకి తిరుగుతాయి, జతకట్టే కాలంలో నారింజ రంగు తేలుతుంది. కనుక రంగును నమ్ముకోకూడదు.

మగది అయిదు అడుగులు దాటి 17 పౌండ్ల వరకు పెరుగుతుంది. దాని సొంత చోటు మధ్య అమెరికా, దక్షిణ అమెరికా, కొన్ని కరీబియన్ దీవులు. ఫ్లోరిడాలో దీన్ని మొదట 1960లలో హయాలియా, కోరల్ గేబుల్స్, కీ బిస్కేన్ ప్రాంతాల్లో గుర్తించారు. పెంపకానికి తెచ్చినవి తప్పించుకోవడం, విసుగెత్తిన యజమానులు వదిలేయడం ఈ వ్యాప్తికి ముఖ్య కారణాలు. నేడు మయామీ-డేడ్, బ్రోవార్డ్, పామ్ బీచ్, మన్రో కౌంటీల్లో ఇవి లేని కాలువ గట్టు అరుదు. అందువల్ల వాటిని పూర్తిగా వదిలించుకుంటామన్న ఆశ పెట్టుకోకండి. మీ పెరడు వాటికి గిట్టుబాటు కాకుండా చేయడమే మీ చేతిలో ఉన్న పని.

మొదటి పని: గుంతలు వెతకడం

పూలు పోతే బాధ కలుగుతుంది, కానీ నెల తిరిగేలోగా మళ్లీ మొగ్గ తొడుగుతాయి. కాలువ గోడ వెనుక మట్టి జారిపోతే మాత్రం అది వేల డాలర్ల మరమ్మతు. ఆడ ఇగ్వానా గుడ్లు పెట్టడానికి ఇసుక నేలను తవ్వుతుంది. ఒక్కోసారి 14 నుంచి 76 గుడ్ల దాకా పెడుతుంది. ఒక తవ్వకం మరొక తవ్వకంతో కలిసిపోయి, అనేక ద్వారాలతో, దాదాపు 80 అడుగుల సొరంగాల అల్లికగా మారగలదని రాష్ట్ర వన్యప్రాణి సంస్థ ఎఫ్‌డబ్ల్యూసీ చెబుతోంది. వెస్ట్ పామ్ బీచ్ నగరం ఇగ్వానాలు గుల్ల చేసిన ఒక నీటి కట్టడాన్ని బాగుచేయించుకోవడానికి సుమారు 18 లక్షల డాలర్లు ఖర్చుపెట్టవలసి వచ్చింది. నగరానికే అంత పని పడినప్పుడు మన పేటియో, అంటే ఇంటి వెనుక పలకలు పరిచిన ఆరుబయలు, ఎంత!

నెలకు ఒకసారి, ఎండ బాగా కాసిన రోజున, ఇంటి చుట్టూ నిదానంగా తిరగండి. కాలువ గోడ పైఅంచు, పేటియో పలకల అంచులు, కాలిబాట కింది భాగం, ఏసీ యంత్రం పెట్టిన సిమెంటు దిమ్మె, ఇంటి పునాది పక్కన పొదల మాటు, ఈ అయిదు చోట్లా వంగి చూడాలి. గుంత నోటి దగ్గర కొత్తగా తోడిన ఇసుక, దాని మీద తోక ఈడ్చిన సన్నని గీత, రెండు పక్కలా గోళ్ల గుర్తులు కనిపిస్తే అది వాడుకలో ఉన్నట్లు. తరువాత ఒక ఇనుప కడ్డీతో పేటియో పలకలను అడుగడుగునా తట్టుతూ వెళ్లండి. కింద మట్టి గట్టిగా ఉంటే మొద్దు శబ్దం వస్తుంది, గుల్ల ఉంటే ఖాళీ బిందె మీద కొట్టినట్లు మోగుతుంది. మా పేటియోలో మూడో పలక అలా మోగింది. పైన ఒక్క బీట కూడా లేదు.

గుంత కనిపించగానే పార తీసుకోకండి. ఫ్లోరిడాలో గోఫర్ తాబేలుకూ, నేలబొరియలో కాపురం ఉండే చిన్న గుడ్లగూబకూ చట్టరక్షణ ఉంది. వాటి బొరియను పూడ్చడం నేరం. తాబేలు బొరియ నోరు కింద చదునుగా, పైన గుమ్మటంలా, తాబేలు అడ్డుకోత ఆకారంలోనే ఉంటుంది, ముందు విసనకర్రలా ఇసుక పరుచుకుని ఉంటుంది. గుడ్లగూబ బొరియ సాధారణంగా పొట్టి గడ్డి ఉన్న బయలులో కనిపిస్తుంది, పక్షి కూడా తరచు గుమ్మంలోనే నిలబడి మనల్ని గుడ్లురిమి చూస్తుంది. అనుమానం ఉంటే ఫోటో తీసి ఎఫ్‌డబ్ల్యూసీ ప్రాంతీయ కార్యాలయాన్ని అడగండి. తాబేలు బొరియకు 25 అడుగుల లోపు అనుమతి లేకుండా తవ్వకూడదు.

ఇగ్వానాదేనని తేలిన తరువాత, అది లోపల ఉందో లేదో చూడాలి. పాత వార్తాపత్రికను వదులుగా ఉండ చుట్టి గుంత నోట్లో ఉంచండి. లోపలి నుంచి ఏదైనా బయటికి వస్తే ఉండ తోసేసి కనిపిస్తుంది. రెండు మూడు ఎండ రోజులు గడిచినా అది కదలకపోతే గుంత ఖాళీ అని భావించవచ్చు. చల్లని రోజుల్లో ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే చలికి అది లోపలే కదలకుండా పడి ఉంటుంది.

పూడ్చేటప్పుడు నోరు మాత్రమే మూసి తృప్తిపడకండి. కొంచెం ముతక ఇసుక, కొంచెం కంకర పోసి, నీళ్ల గొట్టంతో తడిపి, కర్రతో కూరి, మళ్లీ పోయాలి. ఇసుక లోపలికి దిగుతూనే ఉంటే సొరంగం పొడవైనదని అర్థం. అక్కడితో ఆగి పని తెలిసిన కాంట్రాక్టరును పిలవడం మేలు. వారు పలచని సిమెంటు మిశ్రమాన్ని పంపుతో లోపలికి ఎక్కిస్తారు. కాలువ గోడ వెనుక గుంత అయితే సొంత వైద్యం అసలే వద్దు. గోడ ఎవరిదో, ఒడ్డు ఎవరి ఆధీనంలో ఉందో ముందు మీ ఇళ్ల యజమానుల సంఘాన్ని (హెచ్‌ఓఏ) అడగండి. అనేక కాలువల గట్లు దక్షిణ ఫ్లోరిడా జల నిర్వహణ జిల్లా అనే ప్రభుత్వ సంస్థ పరిధిలోకి వస్తాయి. పూడ్చిన చోట పైన ఇనుప జల్లెడ పరిచి, అంచులను అడుగు లోతున పాతి, దాని మీద రాళ్లు పేర్చితే తిరిగి అదే చోట తవ్వడం కష్టమవుతుంది. జతకట్టే కాలం అక్టోబరు, నవంబరు. ఆ తరువాత గుడ్లతో ఉన్న ఆడవి మెత్తని ఇసుక కోసం తిరుగుతాయి కనుక దీపావళి నాటికే ఈ పని ముగించుకోవడం నాకు అలవాటు.

రెండో పని: మొక్కల ఎంపిక, కాపుదల

ఇగ్వానాకు మందారం అంటే ఎంత ప్రీతో ఇక్కడి తోటమాలులందరికీ తెలుసు. మనవాళ్లు గమనించనిది ఏమిటంటే, గోంగూర కూడా మందారం ప్రజాతికి చెందినదే, బెండ ఆ కుటుంబంలోనిదే. అందుకే మందారాన్ని తినడానికి వచ్చినది గోంగూర మడిలో తిష్ఠ వేస్తుంది. తోటకూర, బచ్చలి, సొర, దోస, గుమ్మడి పాదుల లేత కొనలు, టమాటా, రాలిన మామిడి, అంజూర, అరటి, గులాబీ, ఆర్కిడ్లు, ఇవన్నీ దానికి విందు. నిమ్మ, నారింజ వంటి మొక్కల జోలికి అంతగా రాదు. మన జిల్లేడుకు చుట్టమైన మిల్క్‌వీడ్, పెంటాస్, క్రోటన్, దళసరి ముదురాకులున్న మొక్కలు కూడా తట్టుకుంటాయి. కరివేపాకు నిమ్మ కుటుంబపు చెట్టు. మా పెరట్లో ఏడేళ్లుగా దాన్ని ఒక్క ఇగ్వానా కూడా ముట్టలేదు. గన్నేరునూ తినదంటారు గాని అది మనుషులకూ పశువులకూ విషం. పసిపిల్లలున్న ఇంట ఆ ఉపాయం వద్దు.

కాబట్టి పెరటి కాలువవైపు అంచున ఇష్టపడని మొక్కలను వేసి, కూరమళ్లను ఇంటి గోడకు దగ్గరగా జరపండి. గోంగూర మడి చుట్టూ మాత్రమే కాదు, పైన కూడా కప్పు ఉండాలి, ఎందుకంటే ఇది ఎక్కడంలో దిట్ట. రెండు అంగుళాల చెక్కపట్టీలతో మంచమంత చట్రం చేసి, అర అంగుళం కళ్లున్న ఇనుప మెష్ బిగించి, ఒక వైపు బందులతో తలుపు పెట్టుకుంటే కోత సమయంలో ఎత్తవచ్చు. ప్లాస్టిక్ వలను నేను మొదటి ఏడాది వాడాను. పెద్దది ఒకటి దాన్ని గోళ్లతో చీల్చింది, చిన్నది ఒకటి అందులో చిక్కుకుని గిలగిల కొట్టుకుంది, దాన్ని కత్తిరించి విడిపించడానికి అరగంట పట్టింది. ఇనుము కొంటే ఒకసారే ఖర్చు.

చెట్లకైతే మొదలు నుంచి ఒకటిన్నర అడుగు పైన, ఒకటిన్నర అడుగు వెడల్పున్న నున్నని రేకును మాను చుట్టూ చుట్టండి. గోరు దిగడానికి పట్టు దొరకదు. అయితే పక్క చెట్టు కొమ్మో, ఇంటి చూరో, కంచెపైభాగమో ఆ చెట్టుకు అందుబాటులో ఉంటే రేకు చుట్టి లాభం లేదు. ముందు కొమ్మలు కత్తిరించి, ఆపైన రేకు సంగతి చూడండి. మునగకు ఈ పని తప్పనిసరి. మామిడి కాలంలో రాలిన పండ్లను రోజూ ఏరివేయాలి, బయట పెట్టిన పిల్లి తిండిని, గట్టున ఉంచిన ప్రసాదపు అరటిపండును కూడా సాయంత్రం దాకా వదలకూడదు.

ఆకుకూర మీద దాని రెట్ట పడి ఉండవచ్చు. ఇగ్వానాలు సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోయగలవు, అది మనకు వాంతులు, విరేచనాలు, జ్వరం తెచ్చిపెడుతుంది. రెట్ట తగిలిన ఆకులను కడిగి వాడుకుందామని చూడకండి, ఆ రెమ్మలను పారవేయండి. మిగిలినవి పారే నీటిలో బాగా కడిగి వండాలి. రెట్టను చేతితొడుగులతో తీసి, ఆ చోటును క్రిమిసంహారక ద్రవంతో కడిగి, చేతులు సబ్బుతో రుద్దుకోవాలి. ఈతకొలనులో రెట్ట కనిపిస్తే పిల్లలను వెంటనే బయటికి రప్పించి, వలగరిటెతో తీసివేసి, క్లోరిన్ పాళ్లు సరిచూసిన తరువాతే దిగనివ్వండి.

మూడో పని: చోటు మీద విసుగు పుట్టించడం

ఇప్పుడు జంతువు వంతు. పొద్దున ఎండ కాచుకోవడానికి అది రోజూ ఒకే చోటుకు వస్తుంది. ఆ చోటును కనిపెట్టి, అక్కడ కూర్చున్నప్పుడల్లా నీళ్ల గొట్టంతో చల్లని ధార కొట్టండి. దెబ్బ తగలనవసరం లేదు, తడిసి చలువపడితే దాని పొద్దుటి పని చెడినట్లే. వారం పది రోజులు తప్పకుండా చేస్తే అది వేరే గోడ చూసుకుంటుంది. గాలిగంటలు, వేలాడదీసిన పాత సీడీలు కూడా పనిచేస్తాయి గాని వాటి చోటు తరచు మార్చకపోతే అలవాటుపడిపోతుంది. ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మ కొనదలచుకుంటే ఆ డబ్బుతో ఇనుప మెష్ కొనుక్కోండి. మా పొరుగింట ఆ బొమ్మ నెత్తిన ఇగ్వానా పిల్ల ఎక్కి కూర్చోవడం నేను కళ్లారా చూశాను.

దాన్ని మూలకు అదిమి పట్టుకోవాలని మాత్రం చూడకండి. దారి మూసుకుపోయిందని తోచినప్పుడు తోకను కొరడాలా విసురుతుంది, పదునైన చిన్న పళ్లతో కరుస్తుంది, గోళ్లతో గీరుతుంది. దాని నడినెత్తిన వెలుగునీడలను పసిగట్టే చిన్న అవయవం ఒకటి ఉంటుంది. దాన్నే మూడో కన్ను అంటారు. పైనుంచి చేయి నీడ పడితే గద్ద వచ్చిందనుకుని బెదురుతుంది. తోక పట్టుకుంటే అది తెగి చేతిలోనే ఉండిపోవచ్చు. గీరుకున్నా కరిచినా సబ్బునీళ్లతో కడిగి వైద్యుడికి చూపించండి.

చలి ఉదయాల్లో ఏం చేయకూడదు

ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి, అంటే 10 డిగ్రీల సెల్సియస్ లోపుకు దిగితే ఇగ్వానాల ఒళ్లు బిగుసుకుపోతుంది. కొమ్మ మీద నిద్రించేది పట్టు తప్పి రాయిలా కింద పడుతుంది. 2020 జనవరి 21న మయామీ వాతావరణ కార్యాలయం, ఇగ్వానాలు చెట్ల నుంచి రాలవచ్చునని ప్రజలను హెచ్చరించింది. వాతావరణ ప్రకటన అలా రావడం మనకు నవ్వు తెప్పించినా, అయిదారు కిలోల జీవి ఇరవై అడుగుల ఎత్తు నుంచి నెత్తిన పడితే నవ్వులాట కాదు. అటువంటి తెల్లవారుజామున చెట్ల కింద నడవకండి, కారు నిలపకండి.

రాలి పడినది చనిపోయినట్లు కనిపిస్తుంది, కానీ చాలావరకు ప్రాణంతోనే ఉంటుంది. జాలిపడి ఇంట్లోకి తెచ్చి దుప్పటి కప్పకండి. వెచ్చబడిన పది నిమిషాల్లోనే అది లేచి, భయంతో ఇల్లంతా పరుగెడుతుంది. చెత్తసంచిలో వేసి కారు డిక్కీలో పెట్టే ఆలోచన మరీ ప్రమాదం. ఉన్నచోటనే వదిలేస్తే, ఎండ పొడ తగిలాక తన దారిన తాను పోతుంది. 2010 జనవరి చలికి చాలా చనిపోయాయి, అయినా కొన్నేళ్లలోనే సంఖ్య మళ్లీ పెరిగింది. చలే ఈ పని చేసిపెడుతుందని ఎదురుచూడకండి.

బోను పెట్టే ముందు చట్టం తెలుసుకోండి

ఫ్లోరిడాలో ఇగ్వానాకు వన్యప్రాణి రక్షణ లేదు, జంతుహింస నిరోధక చట్టం మాత్రం వర్తిస్తుంది. యజమాని అనుమతితో ప్రైవేటు స్థలంలో ఏడాది పొడవునా, హింస లేని పద్ధతిలో వాటిని చంపవచ్చు. విషం పెట్టడం, నీటిలో ముంచడం, బతికుండగా ఫ్రీజరులో వేయడం కుదరవు. రాష్ట్రం ఇగ్వానాల మీద ఇంత కఠినంగా ఉండటానికి కారణం అవి పాడుచేసే గోడలు మాత్రమే కాదు. మన ఊళ్లలో ఆడపిల్లలు ఆడుకునే గచ్చకాయల తీగే ఇక్కడి సముద్రతీరంలోనూ పెరుగుతుంది. అంతరించే స్థితికి చేరిన మయామీ బ్లూ సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. ఇగ్వానాలు ఆ తీగను తినేస్తున్నాయి.

బోను పెట్టి పట్టి ఊరవతల వదిలేద్దామన్నది మనలో చాలామందికి తట్టే ఆలోచన, ముఖ్యంగా ఇంట్లో జీవహింస గిట్టని పెద్దలు ఉన్నప్పుడు. అది చట్టవిరుద్ధం. పట్టిన ఇగ్వానాను మరొక చోట వదలకూడదు. కనుక బోను తలుపు పడిందంటే ఆ జీవి ప్రాణం తీయడానికి ఒప్పుకున్నట్లే. మా ఇంట ఆ మాట మీద రెండు రోజులు చర్చ జరిగి, చివరకు బోను కొనలేదు. మీరు ఆ నిర్ణయానికి వస్తే స్వయంగా చేయకుండా, వన్యప్రాణులను పట్టే వృత్తిదారుని పిలవండి. ఎలా పడతారు, రోజుకు ఎన్నిసార్లు బోను చూస్తారు, ఎలా చంపుతారు, గుంతల సంగతి కూడా చూస్తారా అని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. గుంతల మాట ఎత్తనివారిని పెట్టుకోవద్దు. ఒకదాన్ని తీసేసిన చోటికి నెలలోపు మరొకటి వస్తుంది.

నికరాగ్వా, ఎల్ సాల్వడార్ వంటి దేశాల నుంచి వచ్చిన పొరుగువారు మీ కష్టం విని నవ్వవచ్చు. వారి భాషలో దీన్ని 'గయీనా దె పాలో' అంటారు, అంటే చెట్టుకోడి. వారి ఊళ్లలో ఇది తరతరాలుగా కూరకు వాడే మాంసం. ఉడుము మాంసం గురించి మన పల్లెల్లో పెద్దలు చెప్పిన మాటలు గుర్తుకు వచ్చి నాకు ఆ ముచ్చట్లు వింతగా తోచలేదు.

పిల్లలు పెంచుకుంటామంటే

పెరట్లో దొరికిన అరచేతంత పచ్చని పిల్లను చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. ఫ్లోరిడాలో 2021 ఏప్రిల్ 29 నుంచి పచ్చ ఇగ్వానా నిషిద్ధ జాతుల జాబితాలో ఉంది. అప్పటికే పెంచుతున్నవారికి మాత్రం, చర్మం కింద చిప్ అమర్చి అనుమతి తీసుకునే వెసులుబాటు ఇచ్చారు. కొత్తగా పెంచుకోవడం కుదరదు. ఫోటో తీసుకోనిచ్చి, ఉన్నచోటనే వదిలేయించి, చేతులు కడిగించండి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న మీ బంధువుల పిల్లలు ఆ ఫోటో చూసి తామూ కొంటామంటే చెప్పవలసిన మాట వేరు. అక్కడ దీని పెంపకానికి నిషేధం లేదు గాని, ఇది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలోని జీవి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అమ్మేవారి దగ్గర దాని పత్రాలు లేకపోతే కొనవద్దు. పత్రాలు ఉన్నా, అది అయిదు అడుగులకు పెరుగుతుందని, పెంపకంలో పంతొమ్మిదేళ్ల దాకా బతకగలదని, దానికి గది అంత పంజరమూ, ప్రత్యేకమైన అతినీలలోహిత దీపమూ, రోజూ తాజా ఆకుకూరా కావాలని తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పండి. పదేళ్ల పిల్లవాడు ఈ రోజు దాన్ని ఇంటికి తెస్తే, వాడు ఉద్యోగానికి ఊరు మారిన తరువాత దాని తోటకూర కట్ట తేవలసింది వాళ్లే.